మూడు బాటల కాడి నిమ్మకాయ

దిష్టి తీసి మూడు బాటల కాడ పడేసిన నిమ్మకాయను అక్కడి నుంచి ఎత్తవలసింది ఎవరు?

ఈ ప్రశ్నను మా ఊరి గ్రామసభలో లేచి నిలబడి అడిగాను. సర్పంచ్ కార్యదర్శి వైపు చూశాడు. కార్యదర్శి తన ఫోన్ వైపు చూశాడు. వెనక వరుసలో ఎవరో నవ్వారు. తర్వాత వీధి దీపాల మీద చర్చ మొదలైంది. నేను నవ్వించడానికి అడగలేదు. ఆ నిమ్మకాయ కింద నడుమెత్తు చెత్త ఉంది.

జనగామ నుంచి నర్మెట్ట వెళ్లే రోడ్డు మీద మా ఊరి దారి చీలే చోటునే మూడు బాటల కాడ అంటాం. ఇంట్లో ఎవరికైనా దిష్టి తీస్తే ఆ తీసినవాటిని అక్కడ పారేసి, నిమ్మకాయను కాలితో తొక్కి, వెనక్కి చూడకుండా వచ్చి కాళ్లు కడుక్కోవడం మా వైపు ఆచారం. పారేసినదాన్ని ఎవరూ ముట్టరు, దాటరు. ఆచారంతో నాకు పేచీ లేదు. ఒక నిమ్మకాయ, పిడికెడు కుంకుమన్నం, నాలుగు ఎండు మిరపకాయలు కాకులూ చీమలూ కలిసి ముగించగలిగినవే. థర్మాకోల్ ప్లేట్లను, ప్లాస్టిక్ గ్లాసులను, కోడి ఎముకలతో నిండిన నల్ల కవర్లను ముగించే కాకి మాత్రం మా ఊళ్లో లేదు.

ఆ చెత్తగుట్టకు పక్కనే వసంత కూరగాయల పందిరి. రోడ్డు వెంబడి వాళ్లకున్న చిన్న చెలకలో పండించిన పుంటికూర, టమాట, బెండకాయ అక్కడే పెట్టి అమ్ముతుంది. నర్మెట్ట బస్సు దిగినవాళ్లు ఆమె దగ్గర ఆగి, సంచి నింపుకుని ఇంటికి నడిచేవారు. ఇప్పుడు కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని ఆగకుండా వెళ్లిపోతున్నారు.

"టీచరమ్మా, వచ్చే వారం పందిరి ఇప్పేస్తున్న" అంది వసంత ఒక ఉదయం, వాడిపోయిన కూర మీద నీళ్లు చల్లుతూ. "జనగామల బట్టల దుకాణం కాడ పనికి రమ్మంటున్నరు. ఈగలకు కూర అమ్ముతే ఏమొస్తది?"

"చెలక?"

"ఎవరికన్న కౌలుకిస్త. రెండూ యాడ జేస్త?"

ఆమె చేతి పుంటికూరను చాలా కాలంగా తింటున్నాను కనుక నాకు నిష్పాక్షికత లేదని ఒప్పుకుంటున్నాను. అయినా, తన భూమి మీద తన పంట అమ్ముకుంటున్న మనిషిని మరొకరి ఎంగిలి ప్లేట్లు తరిమేయడాన్ని ఏ పక్షం నుంచి చూసినా న్యాయమని రుజువు చేయడం కష్టం.

పంచాయతీ ట్రాక్టర్ నడిపేది బిక్షం. ఇంటింటి చెత్త ఎత్తుకుని, రోజూ ఆ గుట్ట పక్క నుంచే డంపింగ్ యార్డుకు వెళతాడు. ఆ రోజు చేయి అడ్డం పెట్టి ట్రాక్టర్ ఆపాను.

"చెత్త తియ్యిమంటే తీస్త, టీచరమ్మా. దిష్టి తియ్యిమంటే నాతోని గాదు" అన్నాడు, సీటు దిగకుండానే. "పైన నిమ్మకాయలు జూడుండ్రి. పెండ్లాం పిల్లలున్నోణ్ణి."

"కింద ఉన్నది పెండ్లి భోజనాల చెత్త, బిక్షం."

"కింద ఏమున్నదో నాకెందుకు? చెయ్యి పడేది పైన్నే గద."

అతని తర్కంలో లోపం వెతికాను. దొరకలేదు. చెత్త అయితే అతను తీస్తాడు, దిష్టి అయితే తీయడు. కాబట్టి అది నిజంగా దిష్టేనా అన్నది తేల్చాలి. ఊరంతా ఆ నిమ్మకాయలను దూరం నుంచే చూసి తప్పుకుంటోంది. దగ్గరికి వెళ్లి చూసినవారు ఒక్కరూ లేరు.

నేను వెళ్లాను. ముక్కుకు తడిగుడ్డ కట్టుకుని, చేతికర్రతో ప్లేట్లను పక్కకు జరుపుతూ చూశాను. నిమ్మకాయలు చెక్కుచెదరలేదు. కోయలేదు, తొక్కలేదు. కుంకుమ ఒద్దికగా చల్లి ఉంది, ఉప్పు తక్కువైన కూర మీద ఉప్పు చల్లినట్టు. గుట్ట అంచు వరకు ట్రాలీ టైర్ల జాడలున్నాయి. దిష్టి పారేయడానికి ట్రాక్టర్ మీద వచ్చిన కుటుంబం గురించి నేను వినలేదు. గుట్ట కొసన ఒక ఫ్లెక్సీ బోర్డు వెల్లకిలా పడి ఉంది. దాని మీద నవ వధూవరులు నవ్వుతున్నారు. పెండ్లికూతురి నుదుటి మీద, సరిగ్గా మధ్యలో, ఒక నిమ్మకాయ కూర్చుని ఉంది.

పెండ్లికూతుర్ని గుర్తుపట్టాను. మా వెనక వీధి నిర్మల కూతురు. పెండ్లి మొన్ననే, రోడ్డు మీది ఫంక్షన్ హాల్లో జరిగింది. ఆ హాలు మా బావగారి కొడుకు హర్షవర్ధన్‌ది.

మా ఊళ్లో ఎవరి బిడ్డ పాలు తాగకపోయినా లక్ష్మీనర్సమ్మను పిలుస్తారు. ఆమె దిష్టి తీస్తే బిడ్డ పాలు తాగుతుందని నమ్మకం. ఆమెను ఆటోలో తీసుకొచ్చి చూపించాను. కళ్లద్దాలు సరిచేసుకుని, గుట్టకు రెండు బారల దూరంలో నిలబడి చాలాసేపు చూసింది.

"గిదేం దిష్టే, బిడ్డా? తీసిన కాయ కాలు కింద నలగాలె. గిది పూజకు పెట్టినట్టున్నది. చెత్తకు పూజ జేసిండ్రా ఏంది?"

"చెత్తను ఎవరూ ముట్టకుండా చేసిండ్రు, అవ్వా."

"ఎవడో తెలివి గల్లోడే" అంది మెచ్చుకోలుగా. ఆ మెచ్చుకోలు నాకు నచ్చలేదు.

జిల్లా అధికారులకు ఫిర్యాదు రాస్తానని, రోడ్డు పక్కన చెత్త పోసినవారికి చట్టంలో జరిమానా ఉందని చెప్పాను. ఆమె శ్రద్ధగా విని, "రాయి బిడ్డా, నువ్వు సదువుకున్నదానివి. గని ముందుగాల నిర్మలకు ఓ మాట జెప్పు" అంది.

నిర్మల వచ్చింది. కూతురి ముఖం మీది నిమ్మకాయను చూసింది. చీర కుచ్చెళ్లు ఎత్తి పట్టుకుని నేరుగా ఫంక్షన్ హాలు వైపు నడిచింది. ఆమె వెనక నేను, నా వెనక ఆటోలో లక్ష్మీనర్సమ్మ.

హాలు ఆఫీసు గదిలో హర్షవర్ధన్, స్టేషన్ ఘన్‌పూర్ నుంచి వచ్చిన ఒక కుటుంబానికి డెకరేషన్ ఫొటోలు చూపిస్తున్నాడు. నన్ను చూసి లేచాడు.

"రా చిన్నమ్మా, కూసో. చాయ్ తాగుతవా?"

"మా బిడ్డ మొగం మీద నిమ్మకాయ ఎందుకు పెట్టిచ్చినవ్, బాబూ?" అంది నిర్మల.

ఫొటోలు చూస్తున్న కుటుంబం తల ఎత్తింది.

"నిమ్మకాయేంది, వదినా? నాకేం ఎర్క లేదు. పనోళ్లు ఏసుంటరు."

"పనోళ్లు చెత్త ఏస్తరు. నిమ్మకాయలు కొనుక్కొచ్చి పెడ్తరా?" అన్నాను.

అతను గొంతు తగ్గించాడు. "యార్డుల తడి వేరు, పొడి వేరు అడుగుతరు, చిన్నమ్మా. అర్ధరాత్రి దాకా పెండ్లి జేసి, మళ్ల ఎంగిలి ప్లేట్లు ఏర్కుంట కూసుంటమా? ఆడ ఏస్తే ఊరోళ్లు లొల్లి జేస్తరని జర నిమ్మకాయలు..." అక్కడ ఆగిపోయాడు. ఎవరెవరి ముందు మాట్లాడుతున్నాడో అప్పుడు గుర్తొచ్చింది.

అందరూ ఒప్పుకోలు విన్నాక, లక్ష్మీనర్సమ్మ నింపాదిగా కుర్చీలో సర్దుకుంది.

"నాయినా, నీ హాల్ల పెండ్లయిన ప్రతి జంటకు నువ్వే దిష్టి కూడబెట్టినవ్. తీసిన దిష్టి తొక్కితె పోతది. తొక్కని దిష్టి యాడికి పోతది? పోగైతది. యాడ పోగైతదో ఆడ్నే ఉంటదా, పెట్టినోని ఇంటికి దారి వట్టదా?"

స్టేషన్ ఘన్‌పూర్ పెద్దమనిషి ఫొటోల ఆల్బం మూశాడు. అతని భార్య అప్పటికే చెప్పులు వేసుకుంది.

"ఆగుండ్రి, ఆగుండ్రి" అన్నాడు హర్షవర్ధన్. "ఇయ్యాల్నే తీపిస్త. అవ్వా, ఎట్ల తియ్యాల్నో నువ్వే జెప్పు."

"పెట్టినోడే తియ్యాలె. చెప్పుల్లేకుండ. ఒక్కొక్క కాయ తీసి, తొక్కి, బిక్షం ట్రాక్టర్ల ఎయ్యాలె. అటెంక చెత్త. తడి వేరు, పొడి వేరు."

మధ్యాహ్నానికి మూడు బాటల కాడ జాతరంత జనం. ఇస్త్రీ చొక్కా చేతులు మడిచి, పంట్లాం మోకాళ్ల దాకా ఎత్తి, మా హర్షవర్ధన్ చెత్తగుట్ట ఎక్కాడు. కాయ తొక్కిన ప్రతిసారీ బిక్షం ట్రాక్టర్ సీటు మీంచి "ఇంకోటున్నది, పటేలా, ఎడమ పక్క" అని చూపించాడు. ఫ్లెక్సీని నిర్మల తనే తీసుకుని, కొంగుతో తుడిచి, చుట్టి ఇంటికి పట్టుకెళ్లింది. హాలు పనివాళ్లు తడి, పొడి వేరు చేసి ట్రాలీ నింపారు. యార్డులో ఎవరూ తిప్పి పంపలేదు. కార్యదర్శి కూడా వచ్చి పారిశుద్ధ్య కార్యక్రమం అని ఫొటోలు తీసుకున్నాడు. జరిమానా గురించి అడిగాను. మళ్లీ ఫోన్ వైపు చూశాడు. నా ఫిర్యాదు పోస్టులో వెళ్లింది.

తిరిగి వస్తూ ఆటోలో అడిగాను: "అవ్వా, పెట్టినోడే చెప్పుల్లేకుండ తియ్యాలన్న పద్ధతి ఎప్పటిది?"

"నిర్మల మొగం జూసినప్పటిది" అంది లక్ష్మీనర్సమ్మ, బయటికి చూస్తూ.

చట్టం చేయలేని పనిని భయం చేసిందన్న సంగతి నాకు ఇప్పటికీ మింగుడు పడదు. కానీ వసంత పందిరి విప్పలేదు. జనగామ దుకాణానికి రానని కబురు పంపింది. హాలు వెనక హర్షవర్ధన్ ఎరువు గుంత తవ్వించాడు. ప్రతి పెండ్లి మర్నాడూ అటు వెళ్లి మూత ఎత్తి చూస్తున్నాను. "నమ్మకం లేదా, చిన్నమ్మా?" అంటాడు. లేదంటాను. అతనే వెంట వచ్చి మూత పట్టుకుంటున్నాడు. నిన్న నర్మెట్ట బస్సు దిగినవాళ్లు పందిరి ముందు నిలబడి టమాటలు ఏరుకుంటుంటే, నా వంతు వచ్చేదాకా ఆగవలసి వచ్చింది. అలా ఆగడం నాకు ఏమాత్రం కష్టంగా లేదు.

ఇక మీతో. మీ ఇంట్లో పెండ్లికో పుట్టినరోజుకో హాలు మాట్లాడడానికి వెళ్తారు. ద్వారం ముందు పూల తోరణాన్ని, లోపల దీపాలను చూపిస్తారు. చూడండి. తర్వాత వెనక గేటు తెరిపించండి. ఎంగిలి ప్లేట్లు ఏ బండిలో, ఏ దారిన, ఎక్కడికి పోతాయో యజమాని నోటితో చెప్పించి, ఆ చోటికి వెళ్లి మీ కళ్లతో చూడండి. చూసేవరకు బయానా ఇవ్వకండి.