ఇంట్లో మాట్లాడే భాష

సుగుణ గోంగూర ఆకులు తుంచుతుండగా మరియరాణి కూతుర్ని వెంటబెట్టుకొని వచ్చింది. వచ్చీ రాగానే ఒక కాగితం బల్ల మీద పడేసింది. కప్ప బొమ్మ. సగానికి ఆకుపచ్చ రంగు పూసి ఉంది.

"సైన్సు క్లాసులో అందరూ పరీక్ష రాస్తుంటే మా హెలెనాకి ఇదిచ్చారక్కా. పద్నాలుగేళ్ళ పిల్లకి! ఈ దేశం రాకముందు తెనాల్లో క్లాసు ఫస్టు ఇది."

హెలెనా తలెత్తలేదు. సుగుణ గోంగూర పక్కన పెట్టి కాగితం చేతిలోకి తీసుకుంది.

ఇంగ్లీషు రాని పిల్లలకు విడిగా చెప్పే టీచరును ఆ బడి పోయిన టర్ములోనే తీసేసింది. మరియరాణి అడగబోతే బడి ఆఫీసాయన కంప్యూటరు తిప్పి చూపించాడట. "మీ ఇంట్లో మాట్లాడేది ఇంగ్లీషేగా, మీరే రాశారు. ఇంక ఆ టీచరెందుకు?" నవ్వుతూ అన్నాడట.

బడిలో చేర్పించే ఫారంలో అలా రాసిన మాట నిజమే. రాయించింది సుగుణ భర్త ఆనందరావు, తెలుగు సంఘం అధ్యక్షుడు. తెలుగని రాస్తే మొద్దుల గదిలో పడేస్తారని అందరినీ బెదరగొట్టాడు. ఆ ఫారాలను టీతోపాటు పంచింది సుగుణే.

ఈ సంగతి మాట్లాడటానికి వచ్చినవాళ్ళతో ఆదివారం సుగుణ ఇంటి హాలు నిండిపోయింది. వృద్ధాశ్రమంలో మరియరాణితో కలిసి పనిచేసే కొలంబియా మనిషి లూస్ కూడా వచ్చింది. మాది స్పానిష్, మేమూ భయపడి ఇంగ్లీషనే రాశామని వచ్చీరాని ఇంగ్లీషులో చెప్పింది.

"ఇప్పుడు మారిస్తే అబద్ధమాడామని ఒప్పుకున్నట్టే," అన్నాడు ఆనందరావు. "మన కమ్యూనిటీకి ఒక ఇమేజ్ ఉంది."

"ఇమేజ్ మీకూ, కప్ప మాకూనా అన్నయ్యగారూ?" అంది మరియరాణి. హాలంతా గొల్లున నవ్వింది.

టాక్సీ నడిపే విఠల్ లేచాడు. "బడోళ్ళకు తెల్వదా అన్నా? రోజూ గేటుకాడ మనమేం మాట్లాడుతున్నమో ఇంటలేరా? తెలిసే ఊకున్నరు. మన అబద్ధం వాళ్ళకు సౌలతైంది, టీచరు జీతం మిగిలింది."

అక్కడే ఒక తీర్మానం పెట్టారు. సోమవారం అందరూ బడికి వెళ్ళాలి, ఫారాల్లో ఎవరి భాష వాళ్ళు రాయాలి, టీచరును తిరిగి ఇచ్చేదాకా ఆఫీసు కౌంటరు ముందు నుంచి లేవకూడదు. చేతులన్నీ లేచాయి. సుగుణ చెయ్యీ లేచింది. ఆనందరావు అది చూశాడు.

సోమవారం పొద్దున గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు.

"నువ్వెళ్తే నా పరువేం కావాలి? ఇంట్లో ఇంగ్లీషే మాట్లాడతామని సంతకం పెట్టిన మనిషిని నేను!"

అరిచింది తెలుగులోనే. ఆ సంగతి అతనికి తట్టలేదు. వీధిలో జనం అప్పటికే బడివైపు నడుస్తున్నారు, నాలుగైదు భాషలు కలగలిసిన గోల లోపలికి వినిపిస్తోంది. సుగుణ అతని మొహం వైపు ఒక్కసారి చూసింది. అతన్ని పక్కకు తప్పించి బయటకు నడిచింది.