వారానికి రెండు రోజుల అమ్మ

మా మనవరాలు పుట్టినప్పుడు పిడికెడంత ఉంది, అందుకే పిచ్చుక అన్నాను. ఇప్పుడు దానికి ఆరేళ్లు. దాన్ని మా ఇంట్లోంచి తీసుకుపోయిన సంగతి నేనే చెప్పాలి. తప్పు నాదే మరి.

అల్లుడు వెళ్లిపోయాక మా అమ్మాయి మంచం దిగడం మానేసింది. గోడవైపు తిరిగి పడుకునేది. పిల్ల ఆకలికి తాళలేక వీధి చివరి కొట్టువాణ్ణి రొట్టె అడిగిందట. ఎవరో ఫిర్యాదు చేశారు, పిల్లల సంరక్షణ ఆఫీసువాళ్లొచ్చారు. నేను మా ఊరినుంచి మూటాముల్లె సర్దుకుని అమ్మాయి ఇంటికి పరిగెత్తుకొచ్చాను.

"నాకిచ్చేయండి, పెంచుకుంటాను" అన్నాను.

"మీకు ఒక కన్నే కనబడుతుంది, కుదరదు" అన్నారు.

పన్నెండు వారాలు గడువిచ్చారు. వారానికి రెండుసార్లు ఒకమ్మాయి ఇంటికొచ్చి సాయం చేస్తుందట, నేర్పుతుందట. తల్లి తనంతట తాను లేచి పిల్లను చూసుకుంటే సరేసరి, లేదంటే పిల్లను హోముకి తీసుకుపోతారు.

ఆ అమ్మాయి భుజాన ఇంత సంచీ వేసుకుని వచ్చేది. సంచీ పిల్ల అనేదాన్ని. మనసున్న మనిషి. మంచం పక్కన నేలమీద చతికిలబడి, "అక్కా, ఇవాళ్టికి పాపకి స్నానం ఒక్కటే చేయించు. మిగతాది రేపటి మాట" అనేది. నేను బకెట్టు ఎత్తబోతే కసిరేది.

"అమ్మమ్మగారూ, మీరు కూర్చోండి!"

"కూర్చుంటే లేవలేనే తల్లీ, నన్ను లేపడానికి ఇంకో సంచీ పిల్ల కావాలి!"

మా అమ్మాయి ఫక్కున నవ్వింది. ఎన్ని నెలలకో!

ఆ నవ్వుతో నాకు ఆశ పుట్టింది. దాని వెనకే అతితెలివీ పుట్టింది. సంచీ పిల్ల వచ్చేది మంగళ, శుక్రవారాలు. మిగతా రోజులు మా అమ్మాయిని పడుకోనిచ్చాను. ఓపిక కూడబెట్టుకుంటే ఆ రెండు రోజులూ గట్టిగా నిలబడుతుంది కదా అని. నీళ్లు పోయడం, తిండి పెట్టడం, బడికి దింపడం, అంతా నేనే. మంగళవారం పొద్దున్నే మాత్రం "లేవే, ఇవాళ పరీక్ష" అనేదాన్ని. లేచేది పాపం. సంచీ పిల్ల "బాగుంది, బాగుంది" అని రాసుకునేది.

పదకొండో వారం పై అధికారిణి కూడా వచ్చింది. "మీ అమ్మ నిన్ను బాగా చూసుకుంటోందా?" అని పిచ్చుకనడిగింది.

"మంగళవారం, శుక్రవారం మా అమ్మే అమ్మ. మిగతా రోజులు అమ్మమ్మ అమ్మ" అంది పిల్ల, ఎక్కం అప్పజెప్పినట్టు.

సంచీ పిల్ల నావంక చూసింది. తిట్టినా బాగుండేది. "రోజూ అలవాటు కావాలనే కదండీ నేనొచ్చేది" అంది.

పన్నెండో వారం, పిల్లను తీసుకుపోయే రోజున సంచీ పిల్లే బండిలో వచ్చింది. మా అమ్మాయి ఎవరూ లేపకుండానే లేచింది. పిచ్చుక ముందు కూర్చుని బూటు లేసు కట్టబోయింది. ముడి జారిపోతోంది. మళ్లీ మొదలు.

"అమ్మమ్మా, నువ్వు కట్టు" అంది పిల్ల.

ముందుకు వంగాను.

"అమ్మా, ఒక్క బుధవారమైనా నన్ను లేపాల్సింది" అంది మా అమ్మాయి, తలెత్తకుండా.

అక్కడే ఆగిపోయాను. "మీ అమ్మ కడుతుందిలే" అన్నాను పిల్లతో.

బయట బండివాడు హారను కొట్టాడు. ఎవరూ కదల్లేదు. ముడి పడేదాకా ఆగారు. ఆ తర్వాత తీసుకుపోయారు.