దొర మీద నింద

టైలరమ్మ ఇంట్లో పిల్లి పేరు దొర. పొద్దస్తమానం కుట్టుమిషను పక్కన కాళ్లు చాపుకుని పడుకునేవాడికి అంతకన్నా ఏం పేరు పెడతారు? భర్త బస్సు తోలడానికి వెళ్లిపోతే ఆవిడకు మిగిలే తోడు వాడొక్కడే.

ఆ దొరకు ఇప్పుడు ఆ ఇంట్లో నూకలు చెల్లేలా ఉన్నాయి. తెల్లారేసరికి భర్తకు తుమ్ములే తుమ్ములు. స్టీరింగు ముందు కూర్చున్నా కళ్లు నీళ్లు కారుతున్నాయి.

"ఇంకేముంది, పిల్లి బొచ్చే! ఆదివారం బుట్ట తెచ్చి పట్టుకుపోతా," అని ఆడపడుచు తీర్పు చెప్పేసింది.

టైలరమ్మకు ఏడుపు ముంచుకొచ్చింది. దాని వెనకాలే ఓ అనుమానమూ వచ్చి కూర్చుంది. రోజూ సాయంత్రం ఆయన దొరను ఒళ్లో పెట్టుకుని నిమురుతూ టీవీ చూస్తాడు. అప్పుడు రాని తుమ్ము తెల్లారగట్లే ఎందుకు? ఆ వేళకు దొర వంటగదిలో గురక పెడుతుంటాడు కదా!

భర్తను వెంటబెట్టుకెళ్లి ఆ మాటే డాక్టరమ్మను అడిగింది. ఆవిడ డ్రైవరు చేతి మీద పిల్లిదొకటి, పుప్పొడిదొకటి అంటూ, ఒంటికి పడనిదేదో తేల్చే రకరకాల మందు చుక్కలు వేసి, ఒక్కోచోట సూదితో చిన్నగా పొడిచింది. పిల్లి చుక్క ఉలకలేదు, పలకలేదు. దాని పక్కది మాత్రం దోమ కుట్టినట్టు పొంగింది.

"అదేంటండీ?" టైలరమ్మ ఇంకా దగ్గరికి వంగింది.

"దుమ్ము పురుగులు. కంటికి కనిపించవు. మన ఒంటి మీంచి రాలే పొట్టు తింటూ పరుపుల్లో, దిండ్లల్లో బతుకుతాయి. వాటి రెట్ట ఈయనకు పడట్లేదు. మీ దిండు పాతదా?"

"భలేవారే! ఏటేటా కొత్తది కుడతాను."

"లోపల దూది కూడానా?"



టైలరమ్మ ఇంటికొచ్చి దిండు విప్పడానికి కత్తెర పట్టింది. పైన ఈ ఏటి నీలం గుడ్డ. దాని కింద నిరుటి చారల గుడ్డ. మాసిన గలీబు విప్పడానికి బద్ధకమేసి, దాని మీదే కొత్తది బిగించి కుట్టేయడం ఆవిడ అలవాటు. పొర విప్పితే పొర! ఎవరి గౌనులోనో మిగిలిన పూలముక్క, ఎవరి చొక్కాదో తెల్లముక్క. ఇంకా ఏముందోనని ఆత్రంగా విప్పుకుంటూ పోయింది. అట్టడుగున పెళ్లినాటి దూది, ఉండలు కట్టి గచ్చులా అయిపోయి ఉంది. గదికి ఆ మూలనున్న మొగుడు హాచ్ మన్నాడు.

ఆదివారం ఆడపడుచు రానే వచ్చింది. "ఏడీ నీ దొర?"

"వాడు కాదు వదినా. ఇదంతా నా చేతి పనే," అని టైలరమ్మ దిండును బుట్టలో కుక్కింది. "దారిలో చెత్తకుండీలో వేసెయ్యండి. పరుపు సంగతి నేను చూసుకుంటా."

వదిన వెళ్లాక దొరను ఎత్తుకుని గుమ్మంలోనే నిలబడిపోయింది. తన బద్ధకం నోరులేని జీవాన్ని ఇంట్లోంచి వెళ్లగొట్టబోయిందని తలచుకుంటే చచ్చేంత సిగ్గేసింది.

"తప్పయిపోయిందిరా," అంటూ వాణ్ని గుండెకు హత్తుకుంది.

దొర ఆవిడ మొహంలోకి చూసి గట్టిగా తుమ్మాడు. ఆవిడ బట్టల నిండా ఇంకా ఆ దిండు దుమ్మే.