ఇస్తే బతకని తీగ

మా అత్త సింహాచలమ్మకు ఒక నమ్మకం ఉండేది. ఒకరు చేతికిచ్చిన మొక్క బతకదట, దొంగతనంగా తెచ్చిందైతేనే ఏపుగా పెరుగుతుందట. ఆవిడ ఒక్కతే కాదు, పూరీ గేట్ రైల్వే క్వార్టర్లలో ఉన్న మా తెలుగువాళ్ళు చాలామందిది అదే మాట. కరివేపాకు నుంచి మల్లె దాకా మా పెరళ్ళలో ఉన్నదంతా దొంగసొత్తే. శ్రీకాకుళం నుంచి కొత్త కోడలిగా వచ్చిన నాకు ఇదంతా చూస్తే నవ్వు ఆగేది కాదు. నేను నవ్వితే ఆవిడకు ఒళ్ళు మండేది.

పక్క క్వార్టరులో ఎలీసమ్మ పిన్ని ఉండేది. ఆమె భర్త విల్‌ఫ్రెడ్ బాబాయి గూడ్సు బండికి గార్డు. వాళ్ళ వరండా నిండా కృష్ణకమలం తీగ అల్లుకుని ఉండేది. పిన్ని వాళ్ళమ్మ కృపమ్మ పోయేముందు నాటి వెళ్ళిన తీగ అది. ఊదారంగు పువ్వు విచ్చుకుందంటే చాలు, గోడకు అటొకరూ ఇటొకరూ చేరేవారు. "సుట్టూ నూరుగురు కౌరవులు, నడిమిన పాండవులు" అని మా అత్త అంటే, "కాదొదినా, అది ప్రభువు ముళ్ళకిరీటం, ఈ మూడూ మేకులు" అని పిన్ని అనేది. ఒక్క పువ్వు మీద మధ్యాహ్నమంతా వాదన నడిచేది. కూర మాత్రం మా ఇంట్లో మాడేది.

పిన్ని తీగ ముక్కలు రెండుసార్లు కోసి ఇచ్చింది. కింది ఆకులు తుంచి, రెండు కణుపులు మట్టిలోకి పోయేలా గుచ్చి, నీడలో పెట్టి కదపకుండా వదిలెయ్యమని కూడా చెప్పింది. మా అత్తకు అంత ఓపికేదీ? పొద్దున్నే లేవడం, ముక్కను పైకి పీకి వేళ్ళొచ్చాయా అని చూడడం, మళ్ళీ గుచ్చడం. అది మాత్రం ఏం చేస్తుంది పాపం, ఎండిపోయింది. రెండోదీ అంతే. "ఇచ్చినది బతకదని సెప్పినానా లేదా?" అని ఆవిడ నా మీదికే వచ్చింది.

ఓ ఆదివారం వాళ్ళు చర్చికి వెళ్ళగానే మా అత్త గోడ మీంచి చెయ్యి చాచి ఒక తీగ తుంచేసింది. ఎవరి కంటా పడకుండా నీళ్ళ గాబు వెనక పాతింది. మాటిమాటికీ అటు వెళ్తే పిన్నికి అనుమానం వస్తుందని దాని జోలికే పోలేదు. ఇంకేముంది, చక్కగా చిగురేసింది. ముట్టుకోకుండా వదిలెయ్యబట్టే బతికిందని నేనంటే వింటుందా? అంతా దొంగతనం మహిమే అంది.

ఆ డిసెంబరులో బాబాయి క్రిస్మస్‌కని గోడలకు తనే సున్నం వేశాడు. మిగిలిన సున్నమంతా తెచ్చి తీగ మొదట్లో పారబోశాడు. ఆకులు పండిపోయి రాలాయి. పండగ వెళ్ళేసరికి తీగ మొదలంటా చచ్చిపోయింది. అమ్మ చేత్తో నాటింది పోయిందని పిన్ని గోడ దగ్గర నిలబడి చిన్నపిల్లలా ఏడ్చింది. మా అత్త చూస్తూ ఊరుకోలేకపోయింది. పిన్నిని చెయ్యి పట్టి గాబు వెనక్కి లాక్కొచ్చి తన దొంగసొత్తు చూపించింది. తిడుతుందేమోనని నేను భయపడ్డాను గానీ, పిన్ని ఆ ఆకుల్ని నిమురుతూ అక్కడే కూర్చుండిపోయింది.

ఎండలు తగ్గకముందే బాబాయికి చక్రధర్‌పూర్ బదిలీ కబురొచ్చింది. వానాకాలంలో వెళ్ళాలి. పిన్నికి ఇల్లు వదలడం కన్నా మా గాబు వెనకున్న తీగను వదలడమే కష్టంగా ఉంది. నేను ఒక కొమ్మను వంచి, కణుపు దగ్గర పైతోలు కాస్త గీకి, మట్టి నింపిన డాల్డా డబ్బాలోకి దించి పైన రాయి పెట్టాను. వేళ్ళు పట్టాక తల్లితీగ నుంచి కోసి వేరుచేశాను. ఇక ఇచ్చెయ్యడమే తరువాయి అనుకున్నాను.

"నానియ్యను" అంది మా అత్త. "నా సేత్తో ఇస్తే సచ్చిపోతాది. కృపమ్మత్త తీగని నాను సంపుతానేటి? ఎలీసమ్మా, నువ్వే దొంగతనంగా పట్టుకుపో."

"దొంగిలించకూడదని ఆజ్ఞ ఉన్నాదొదినా. సండే స్కూల్లో పిల్లలకి నానే సెప్తాను. నానెలా సేస్తాను?"

"మొక్కలు కూడా లెక్కెడతాడేటి మీ దేవుడు?"

"లెక్కెడతాడు."

పోనీ నేనిస్తానంటే, "నీ సెయ్యి ఈ ఇంటి సెయ్యి కాదేటి?" అని మా అత్త కసిరింది. ఇద్దరినీ ఓ గదిలో పెట్టి గొళ్ళెం వేద్దామా అనిపించింది నాకు. డబ్బా మాత్రం మా అరుగు మీద అలాగే ఉండిపోయింది.

ప్రయాణం రోజు పొద్దున చూస్తే అరుగు ఖాళీ. "పట్టుకుపోయినాదే పరమేశ్వరీ!" అని మా అత్త నా భుజం పట్టుకుని గెంతినంత పని చేసింది.

సాగనంపడానికి స్టేషనుకు వెళ్ళాం. పిన్ని మా మొహం చూడడం లేదు. ఆ బండి గార్డు ఈల వేశాక ఇక పట్టలేక, బెంచీ కింద నుంచి తువ్వాలు చుట్టిన డబ్బా తీసుకుని రైలుపెట్టె తలుపు దగ్గరికి వచ్చింది.

"నా వల్ల కాదొదినా. నానే తీసినాను. మనసు ఒకటే పీకుతున్నాది. తీసీసుకో."

మా అత్త రెండు చేతులూ వెనక్కి దాచేసుకుంది. "ఏటది? నాకు తెలీదు. అది మాది కాదు."

"మీ డబ్బాయే వదినా!"

"మాది ఇంటికాడే ఉన్నాది. కావలిస్తే మా కోడల్నడుగు."

మొక్కలు దొంగిలిస్తుంది గానీ, అబద్ధమాడితే కళ్ళు పోతాయని నమ్మే మనిషి మా అత్త. సరదాకి కూడా ఆవిడ నోట అబద్ధం విన్నది లేదు. "అవును పిన్నీ, ఇంటికాడే ఉన్నాది" అన్నాను నేనూ. బండి కదిలింది. పిన్ని ఆ డబ్బాను గుండెకు అదుముకుని ఏడుస్తూ, నవ్వుతూ, బండి మలుపు తిరిగేదాకా తలుపు దగ్గరే నిలబడింది.

తిరుగు రిక్షా ఎక్కాం. నేనే అడిగాను, ఎందుకత్తా అంత అబద్ధమాడినావు అని.

"మరేటి సెయ్యమంటావే? నా మాట పట్టుకునే కదా అది దొంగతనం సేసినాది. పాపం అదొక్కతే మోసుకుపోతే బావుంతాదేటి?" అని కొంగుతో కళ్ళు తుడుచుకుంది. "అందుకే నానూ ఒకటి సేసినాను."