ఫోన్‌లోంచి వచ్చిన పేజీలు

టికియాపారా రైల్వే క్వార్టర్‌లో షైనీ తన తండ్రి ఎలీయాజరుకి కొత్త కంప్యూటర్ సిద్ధం చేస్తోంది. తన ఫోన్‌లో వాడే బ్రౌజర్‌నే అందులోనూ పెట్టి, తన ఖాతాతో తెరిచింది.

"కంప్యూటరు ఒక కంపెనీది, ఈ బ్రౌజరు ఇంకో కంపెనీది కదా. పోటీవోడి ఇంట్లో ఈళ్ళకేటి పని?" అన్నాడాయన.

"మనం ఏ మిషను ముట్టుకున్నా వాళ్ళని వదిలి పోకూడదని వాళ్ళ ఎత్తు నాన్నా. అందుకే ఫోన్‌లో మనం చూసేవన్నీ ఇక్కడికీ తెచ్చిపెడతారు" అని నవ్వి, షైనీ టీ పెట్టడానికి వెళ్ళింది.

పాలు పొంగుతుండగా తను అన్న మాటే ఆమెకు మళ్ళీ తట్టింది. కొన్నాళ్ళుగా మినీబస్సులో దాచుకుని చదువుతున్న పేజీలు గుర్తొచ్చాయి. స్టవ్ ఆపి పరిగెత్తుకొచ్చింది.

ఎలీయాజరు తెర ముందు కదలకుండా కూర్చున్నాడు. రొమ్ములో గడ్డల గురించి, ఎంతమంది బతుకుతారన్న దాని గురించి ఆమె చదివినవన్నీ అక్కడ వరుసగా ఉన్నాయి.

"ఎవరికమ్మా?"

షైనీ ఆయన పక్కన కూర్చుంది. "నాకే నాన్నా. డాక్టర్ ఏం చెబుతుందోనని భయపడి వెళ్ళలేదు."

"నాకూ బయంగానే ఉందే" అన్నాడాయన. "అయినా ఒక్కదానివే ఏటి బయపడతావు? లెగు, ఎల్దాం."

ఆసుపత్రిలో పరీక్ష చేసి, ఫలితం సోమవారం చెబుతామన్నారు. బయట బెంచీ మీద ఎలీయాజరు ప్రార్థన మొదలుపెట్టాడు గానీ రెండో మాటకే ఆగిపోయాడు. షైనీ ఆయన చేయి పట్టుకుని మిగతాది తనే చెప్పింది.