దుబాసీ చెప్పిన జవాబు

వరద తీశాక విదేశీ డాక్టర్లు వచ్చి బడి గదుల్లో కలరా శిబిరం పెట్టారు. పదేళ్ళు పరాయి దేశంలో ఇళ్ళు తుడిచి వచ్చినామెకు వాళ్ళ భాష తెలుసు కనుక ఆమెను దుబాసీగా కూర్చోబెట్టారు. ఆమె తిరిగొచ్చిన రోజున "ఎక్కడెక్కడ తిరిగిందో" అంటూ గుమ్మంలోంచే పంపేసిన వదిన, ఆ పొద్దున వాంతులూ విరేచనాలతో నీరసించి, అన్న చెయ్యి పట్టుకుని ఆమె ముందుకే వచ్చింది.

ఒంట్లో నీరు ఇంకిపోయినవాళ్ళకే లోపల మంచం, సెలైను. మిగతావాళ్ళకు పొడి పొట్లాలు. మూత్రం వస్తోందో లేదో అడగమన్నాడు డాక్టరు.

"నిన్నట్నుంచీ చుక్క లేదు," అంది వదిన.

"ఇప్పుడే వెళ్ళొచ్చిందట," అని ఆమె డాక్టరుతో చెప్పింది.

వరసలో ఇంకా రెండొందల మంది ఉన్నారు. డాక్టరు తలెత్తకుండా రెండు పొట్లాలిచ్చాడు.

"ఏమన్నాడే?"

"ఏం పర్లేదన్నాడు. నీళ్ళలో కలుపుకు తాగమన్నాడు."

వదిన ఆమె చెయ్యి పట్టుకుంది. "నువ్వుండబట్టి సరిపోయింది. పాతవన్నీ మనసులో పెట్టుకోకమ్మా."

అప్పుడైనా డాక్టరుకు నిజం చెప్పొచ్చు. ఆమె తర్వాతి మనిషిని రమ్మంది.

మధ్యాహ్నం అన్న మోసుకొచ్చేసరికి వదిన ప్రాణం పోయింది.

"పొద్దున్నే తెచ్చాను కదే! లోపల ఎందుకు పెట్టుకోలేదో అడుగు!"

ఆమె డాక్టరుతో ఏదో మాట్లాడి ఇటు తిరిగింది. "నిన్ననే తేవాల్సిందంటున్నాడన్నయ్యా."

అన్న నేలమీద కూలబడ్డాడు. "నిన్ననే తీసుకెళ్ళమని మొత్తుకుంది. నేనే వినలేదు," అని తల బాదుకున్నాడు.

ఏమంటున్నాడని డాక్టరు అడిగాడు.

"మీకు దణ్ణం పెడుతున్నాడు," అని చెప్పింది ఆమె.