దాటనివ్వని రోడ్డు

లారీ గుద్దితే ఆమె చెప్పు డివైడర్ అవతల పడింది, మనిషి ఇవతల పడింది. లారీ ఆగలేదు. వెనక వచ్చిన కార్లు కాస్త పక్కకు తిప్పుకుని వెళ్లిపోయాయి. రెడీమేడ్ బట్టల ఫ్యాక్టరీలో కాజాలు కుట్టే మా అక్క, డ్యూటీకి ఆలస్యమైతే గేటు మూసేస్తారని పరుగెత్తిన మా అక్క, ఆ తారు మీద కొట్టుకుని కొట్టుకుని చల్లబడింది. ముందే దాటి వచ్చిన మేం గేటు దగ్గర నిలబడి చూశాం. వెళ్లి ఎత్తుకుందామన్నా బళ్లు సందివ్వలేదు.

ఈ హైవే రాకముందు మా ఇళ్లూ ఫ్యాక్టరీ ఒకే వీధి. వీధిని నడిమికి చీల్చి రోడ్డేశారు. మొదట్లో దాటడానికి ఇనప వంతెన ఉండేది. దాని కింద పెద్ద కంటైనర్లు పట్టడం లేదని కాంట్రాక్టరు తీయించేశాడు. కొత్తది ఎక్కడో దూరంగా, అపార్ట్‌మెంట్ల ముందు కట్టాడు. దానికో తలుపు, ఒక కాపలావాడు. కార్డున్నవాళ్లే ఎక్కాలి.

పోలీసులొచ్చి కేసు రాసుకున్నారు. లారీవాడి మీద కాదు. దాటకూడని చోట దాటిందని చచ్చిన మనిషి మీద.

సాయంత్రం శవం ఇంటికొచ్చింది. వీధంతా చేరింది.

"అర్జీ పెడదాం" అన్నాడు మేస్త్రి.

"పెట్టి పెట్టి చేతులరిగాయి" అంది ఇస్త్రీ పిన్ని.

ప్యాకింగ్‌లో పనిచేసే కుర్రాడు లేచాడు. "ముందు బావని అడగండి. పాత వంతెనని కోసిందెవరో."

బావ అంటే అక్క మొగుడు, వెల్డరు. తలెత్తలేదు. "నేనే కోశాను. వెంటనే ఇంకోటి పెడతామంటే నమ్మాను. నా పెళ్లాన్ని నేనే చంపుకున్నాను."

అతని తల్లి, ఆఫీసులు ఊడ్చే పెద్దమ్మ, కోడలి కాళ్ల దగ్గర నుంచి లేచి వచ్చింది. "నోర్ముయ్. అంత పెద్దవాడివా నువ్వు? కోయమన్నవాడు ఏసీ గదిలో కూర్చున్నాడు. వాడి పాపం కూడా నువ్వే మోస్తావా?"

"మరేం చేద్దాం పెద్దమ్మా?" అన్నాను.

"ఒక్కొక్కరం పరుగెత్తబట్టే చస్తున్నాం. రేపు అందరం కలిసి నడుద్దాం. దాన్నీ తీసుకెళ్దాం."

తెల్లారాక అక్కని మడత మంచం మీద ఎత్తుకుని రోడ్డెక్కాం. ఈ చివర నుంచి ఆ చివరకు చేయీ చేయీ పట్టుకున్నాం. బ్రేకులు కీచుమన్నాయి. "ఆఫీసుకెళ్లాలి, తప్పుకోండి" అని ఒక కారాయన అరిచాడు. "మేమూ పనికే బాబూ" అంది ఇస్త్రీ పిన్ని.

రోడ్డు మధ్యకు రాగానే వ్యాన్లో పోలీసులు దిగారు, లాఠీలు విరుచుకుపడ్డాయి. ప్యాకింగ్ కుర్రాడి చెయ్యి విరిగింది. మంచం మోస్తున్నవాళ్లనీ వదల్లేదు. మంచం ఒరిగి శవం తారు మీద దొర్లింది. పెద్దమ్మ దాని మీద పడుకుంది. ఆమె వీపు మీద కూడా కొట్టారు. బావని జుట్టు పట్టి ఈడ్చి వ్యాన్లో పడేశారు.

అది చూసి ఫ్యాక్టరీలో మిషన్లు ఆగాయి. సూపర్‌వైజరు గేటుకి తాళం వేస్తే ఆడవాళ్లు గోడ దూకి వచ్చారు. అందరం వ్యాను ముందు కూర్చున్నాం.

"లేవండి. మీ మీదికే వ్యాను ఎక్కించేస్తాను" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

పెద్దమ్మ నోట్లో రక్తం పక్కకు ఉమ్మేసింది. "ఎక్కించు నాయనా. ఆ లారీవాడు నిన్ను అడిగే ఎక్కించాడా?"

డ్రైవరు ఇంజను స్టార్ట్ చేశాడు. వెనక కనుచూపు మేర లారీలు నిలిచిపోయి ఉన్నాయి. మేం ఇంకాస్త దగ్గరికి జరిగి కూర్చున్నాం.